మఖ కార్తె కబుర్లు: నిన్నటిదాకా పచ్చగానే ఉందండీ!

మఖ కార్తె దాటి పుబ్బలో పడుతున్నాం. వరలక్ష్మీ వ్రతం శనగలు చెల్లిపోయాయి. చవితి పందిళ్ళ కుర్రాళ్ళు చందా పుస్తకాలు పట్టుకుని బయల్దేరారు. మేడ మీద ఆరేసిన బట్టలు ఇంకా ఆరుతూనే ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో ఈ రోజుల్లో ఇద్దరు ఎదురుపడితే భోజనాలయ్యాయా అన్న మాట తర్వాత మాట వాన గురించి, ఆ తర్వాత మాట పెరడు గురించి. ఆ పెరటి కబురు నూటికి తొంభై పాళ్ళు చావు కబురే. "నిన్నటిదాకా పచ్చగానే ఉందండీ, పొద్దున్న లేచి చూస్తే తల వాల్చేసింది!"

రోహిణి కార్తె ఎండలకు చావని చెట్టు చినుకులు పడ్డాక చావడమేమిటని అందరికీ ఆశ్చర్యమే. కానీ పెద్ద చెట్లు, నాలుగైదేళ్ళు కుదురుకున్న మొక్కలు ఎక్కువగా పోయేది ఈ వానల్లోనే. ఎండకు పోయే మొక్క మన కళ్ళెదుటే పోతుంది. ఆకు వాడుతుంది, అంచు మాడుతుంది, మనం బిందె పట్టుకుని పరిగెడతాం. వానల్లో చావు మట్టి కింద జరుగుతుంది. వేళ్ళు కుళ్ళడం మొదలైన రోజుకీ ఆకు వాలిన రోజుకీ మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు, ఇంకోసారి ఏళ్ళు గడుస్తాయి. మనకు గుర్తున్నది ఆకు వాలిన రోజొక్కటే కాబట్టి "ఉన్నట్టుండి" అంటాం. ఆ మాట నేనైతే నమ్మను. ఎవరు వచ్చి అడిగినా, నిన్న ఏం జరిగిందని కాకుండా ఉగాది నుంచి ఆ మొక్క చుట్టూ ఏమేం చేశారో చెప్పమంటాను.

ఎదురింటి పిన్నిగారి జామచెట్టు సంగతే చూడండి. లక్నో-49 రకం, వీధి పిల్లలందరికీ ఉమ్మడి ఆస్తి. శ్రావణం మధ్యలో ఆకులు ఒక రకమైన పాలిపోయిన పసుపుకు తిరిగాయి. తర్వాత మెత్తబడి, అంచులు లోపలికి ముడిచి, పదిహేను ఇరవై రోజుల్లో చెట్టు మొత్తం ఎండిపోయింది. కాయలు రాలలేదు. గోలీకాయల్లా గట్టిపడి కొమ్మలకే ఉండిపోయాయి. పిన్నిగారు దిష్టి అన్నారు. చెట్టుకు గుమ్మడికాయ కట్టి ఉండాల్సిందని వాళ్ళ పనిమనిషి అంది. నేను ఆషాఢంలో చెట్టు దగ్గర ఏం చేశారని అడిగాను. "ఏం చేశాం, మంచే చేశాం! కాపు బాగా రావాలని పలుగు పెట్టి చుట్టూ లోతుగా తవ్వించి, పచ్చిపేడ పోయించి, రెండు దోసిళ్ళ యూరియా చల్లించాను" అన్నారు.

జామకు ఎండు తెగులు పెద్ద శత్రువు. మన దేశంలో అలహాబాదు తోటల్లో 1935లోనే దీన్ని గుర్తించారు. ఫ్యుజేరియం అనే బూజు మట్టిలో ఉంటుంది. వేరుకు గాయం దొరికితే లోపలికి పోయి నీళ్ళు పైకెక్కే గొట్టాలను మూసేస్తుంది. వానాకాలంలో మొదలై సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ముదురుతుంది. సున్నం ఎక్కువగా ఉన్న చౌడు నేలల్లో మరీ ఎక్కువ. దీనిలో రెండు రకాల చావులున్నాయి. ఒకటి కొమ్మ తర్వాత కొమ్మ ఎండుతూ నెలల తరబడి నడుస్తుంది. రెండోది పిన్నిగారి చెట్టుకొచ్చింది, వారాల్లో ముగిసిపోతుంది. కాయ రాలకుండా కొమ్మకే ఎండడం ఈ రెండో దానికి గుర్తు. చెట్టు తనంతట తాను ఆకునో కాయనో రాల్చాలంటే తొడిమ దగ్గర ఒక పొర కట్టుకోవాలి, దానికి ప్రాణం, వ్యవధి కావాలి. ఎండిన ఆకు, ఎండిన కాయ కొమ్మనే పట్టుకుని ఉన్నాయంటే చెట్టుకు ఆ వ్యవధి దొరకలేదన్నమాట. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే సగం విచారణ అయిపోతుంది. ఆకులు పండి, రాలి, ఆ తర్వాత చెట్టు పోతే అది చాలాకాలంగా ఈడుస్తూ వచ్చిన జబ్బు. ఆకులు పచ్చి మీదే ఎండి వేలాడుతుంటే వేరు దగ్గరో మొదలు దగ్గరో దారి తెగిపోయింది.

పలుగుతో తెగిన వేళ్ళు, వాటి మీద కుళ్ళని పేడ వేడి, ఆ పైన వాన. బూజుకు ఇంతకంటే ఏం కావాలి? ఇదంతా చెబితే పిన్నిగారికి నచ్చలేదు. దిష్టి అయితే తప్పు ఎదుటివాళ్ళది కదా. చెట్టు తీయించేశాక ఆ గోతిలోనే ఇంకో జామ పెడతానన్నారు. వద్దని గట్టిగా చెప్పాను. ఆ బూజు అక్కడి మట్టిలో ఏళ్ళ తరబడి కూర్చునే ఉంటుంది. ఆ చోట సీతాఫలమో నందివర్ధనమో పెట్టుకుని, జామ కావాలంటే పెరటి రెండో మూలకు మార్చమన్నాను. "రెండో మూల ఆగ్నేయం" అన్నారు. వాస్తు దాకా వెళ్ళాక నేను కాఫీ తాగేసి వచ్చేశాను.

అన్ని చావులూ బూజుల వల్లే కాదు. ఎక్కువ భాగం ఉత్త నీళ్ళ వల్ల. వేరు కూడా గాలి పీలుస్తుందనే సంగతి మనం మర్చిపోతాం. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలితోనే వేళ్ళు బతుకుతాయి. ఆ సందులన్నీ నీళ్ళతో నిండిపోతే ఊపిరాడదు. ఊపిరాడని వేరు నీళ్ళు లాగలేదు. అందుకే నీళ్ళలో నిలబడ్డ మొక్క అచ్చం దాహమేసిన మొక్కలాగే వాడిపోతుంది. ఇక్కడే పెద్ద చిక్కు. వాడింది కదా అని మనం ఇంకో బకెట్టు పోస్తాం. మన డెల్టా బంకమట్టిలోనూ, రేగడి నేలల్లోనూ ఇది మరీ ఎక్కువ. బొప్పాయి అయితే రెండు రోజులు మొదట్లో నీళ్ళు నిలిస్తే చాలు, ఇక ఆశ వదులుకోవడమే. మునగ కూడా అంతే సుకుమారం. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలాంటప్పుడు నీళ్ళు తీసేశాక పచ్చగా కనిపించిన చెట్టును చూసి బతికిందని సంబరపడకూడదు. పోయే చెట్టు చాలాసార్లు తర్వాతి ఎండకు పోతుంది. వేళ్ళు సగం పోయిన చెట్టు మబ్బు ఉన్నంతకాలం నెట్టుకొస్తుంది, మబ్బు విడిచి కాసిన మొదటి గట్టి ఎండకు ఆ సగం వేళ్ళు చాలవు.

కాబట్టి మొక్క వాడిందని ఎవరైనా చెబితే మందుల కొట్టుకు వెళ్ళే ముందు వేలు మట్టిలోకి రెండు కణుపుల లోతు గుచ్చమంటాను. మట్టి తడిగా ఉండి మొక్క వాడిందంటే సంగతి వేరుదే. తర్వాత కొమ్మ మీద గోటితో గీరి చూడాలి. బెరడు కింద పచ్చగా తడిగా ఉంటే అక్కడిదాకా ప్రాణముంది. గోధుమరంగులో పొడిగా ఉంటే కిందికి దిగుతూ ఇంకా గీరాలి. పచ్చ ఎక్కడ మొదలైతే అక్కడిదాకా కోసేసి ఆగి చూడవచ్చు. మట్టిమట్టం దగ్గర కూడా పచ్చ లేకపోతే తవ్వడమే. మంచి వేరు తెల్లగానో లేత గోధుమగానో గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరును రెండు వేళ్ళతో పట్టి లాగితే పైపొర తొడుగులా ఊడొచ్చి లోపలి నార మాత్రం మిగులుతుంది, రొచ్చు కంపు కొడుతుంది. ఇంత పని చేయడానికి పావుగంట పట్టదు. అయినా మనవాళ్ళు చచ్చిన మొక్కను పీకి నేరుగా గోడ అవతలికి విసిరేస్తారు. ఆ వేళ్ళ వైపు ఒక్క చూపు చూస్తే పక్క మొక్క దక్కేది.

వంకాయ, టమాటా వేసుకునేవాళ్ళకు ఒక చిన్న తమాషా చెబుతాను. పచ్చగా కాస్తున్న వంగమొక్క ఆకులు పచ్చిగా ఉండగానే ఒక్కసారి వాలిపోయిందనుకోండి. కాండాన్ని మొదలు దగ్గర అడ్డంగా కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులో తేట నీళ్ళలో వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి తెల్లటి పాలదారం లాంటిది సన్నగా కిందికి దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. దారం రాకుండా లోపల గోధుమరంగు వలయం మాత్రమే కనిపిస్తే బూజు పని అనుకోవచ్చు. బాక్టీరియా అయితే మందు లేదు. మొక్కను మట్టితో సహా తీసేసి, ఆ మడిలో కొన్నాళ్ళపాటు వంగ, టమాటా, మిరప జోలికి వెళ్ళకుండా తోటకూరో మొక్కజొన్నో వేసుకోవాలి. ఈ గ్లాసు పరీక్ష మా వీధి పిల్లలకు చూపిస్తే ఇప్పుడు బతికున్న మొక్కలు కూడా కోసి గ్లాసుల్లో వేస్తున్నారు!

మల్లెతుప్పలు మొత్తంగా వాడితే మొదట్లో ఆకుచెత్త పక్కకు తీసి చూడాలి. కాండం చుట్టూ తెల్లటి దూదిలాంటి బూజు, అందులో ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు కనిపిస్తాయి. వేరుశనగ రైతులకు ఈ ఆవగింజలు బాగా తెలుసు, వాళ్ళ చేలో మొదలుకుళ్ళు తెచ్చేదీ ఇదే. ఆ మొక్కను, మొదట్లోని పైమట్టిని తీసి దూరంగా పారేయాలి. ఎరువుగుంటలో మాత్రం వేయకూడదు.

నిమ్మ దగ్గరికొద్దాం. మన ఇళ్ళలో నిమ్మచెట్టుకు ఒక శాపం ఉంది. దాన్ని స్నానాల గది నీళ్ళు పోయేచోటో, గిన్నెలు తోమే గట్టు పక్కనో పెడతాం, నీళ్ళు వృథా పోకూడదని. కాండం మొదలు ఏడాది పొడుగునా తడిగానే ఉంటుంది. ఫైటాఫ్తోరా అనే తెగులుకు అదే కావాలి. మట్టిమట్టం దగ్గర బెరడు పగిలి బంక కారుతుంది. ఆ బంకను మనం చూడం, పైన కాయలు చూస్తాం. బంక కారే చోటు కాండం చుట్టూ పాకి వలయం పూర్తయిన నాడు చెట్టు పోతుంది. చచ్చే ముందు ఏడు విపరీతంగా కాస్తుంది కూడా, దాన్ని చూసి మురిసిపోతాం. దీనికి పాత వైద్యమే మంచి వైద్యం. బంక ఉన్నచోట కుళ్ళిన బెరడును కత్తితో మంచి బెరడు కనిపించేదాకా గీకి, బోర్డో పేస్టు పూయడం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు దాని లెక్క. ఇంటి చెట్టుకు వంద గ్రాముల చొప్పున కలుపుకుంటే సరిపోతుంది. ప్లాస్టిక్ బకెట్లోనే కలపాలి, ఇనుము తగలనివ్వకూడదు. వానలకు ముందు కాండానికి రెండు మూడు అడుగుల ఎత్తుదాకా పూసేస్తే రాబోయే గొడవ చాలామటుకు తప్పుతుంది. పాదు కూడా రెండు వలయాలుగా కట్టాలి. కాండం చుట్టూ చిన్న కట్ట, దాని బయట నీళ్ళు నిలిచే పెద్ద పాదు. నీళ్ళు వేళ్ళకు పోతాయి, కాండాన్ని తాకవు. అంటుకట్టిన బత్తాయి, నారింజల్లో అయితే అంటు దగ్గరి ముడి మట్టిలో పూడకుండా జానెడు పైకి ఉండాలి. ఏటా మట్టి, ఎరువు మొదట్లో పోస్తూ పోస్తూ ఆ ముడిని మనమే పూడ్చేస్తుంటాం.

బత్తాయికి ఇంకో గండముంది, ట్రిస్టెజా అనే వైరస్. పుల్ల నారింజ వేరు మీద కట్టిన అంట్లను గబగబా చంపుతుంది. 1930ల తర్వాత బ్రెజిల్ తోటలు తుడిచిపెట్టుకుపోయింది దీనివల్లే. అందుకే మన అనంతపురం, నల్గొండ వైపు బత్తాయిని రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టమని చెబుతారు. నర్సరీ అతన్ని ఏ వేరు మీద కట్టావయ్యా అని అడగడం మన హక్కు. జవాబు రాకపోతే ఆ మొక్క కొనకపోవడమూ మన హక్కే.

తులసి సంగతి రాయకపోతే మా అత్తయ్యగారు ఊరుకోరు. కోటలో తులసి ఎండితే ఇంటికి అరిష్టమని బెంగ. మొన్న ఒకావిడ నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అమ్మా, తులసి వయసే రెండు మూడేళ్ళు! గింజ కట్టడం మొదలయ్యాక మొక్క శక్తంతా వెన్నులకే పోతుంది, కాండం కట్టెలా ముదిరిపోతుంది. వెన్నులు ఎప్పటికప్పుడు గిల్లుతుంటే ఇంకొన్నాళ్ళు ఉంటుంది. మార్గశిరం చలికి ఆకు రాల్చడమూ సహజమే. ఇక తక్కిన కారణాలన్నీ మన భక్తిలోనే ఉన్నాయి. కోటలు కట్టే మేస్త్రీలు చాలామంది అడుగున నీళ్ళు పోయే తూము పెట్టరు. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళుంటే ముగ్గురూ తలో చెంబు పోస్తారు, పైన వాన. క్షీరాబ్ది ద్వాదశికి పాలు, రోజూ పసుపు కుంకుమ, కాండానికి ఆనించి దీపం. కోట మొదట్లో ఇనుప ఊచతో కన్నం పెట్టించండి, పాలు పళ్ళెంలో పోయండి, దీపం జానెడు దూరంలో పెట్టండి. కింద పడ్డ గింజలు మొలిచిన నారును రెండు కుండీల్లో ఎప్పుడూ పెంచుతుండండి. ఒకటి పోతే ఇంకోటి కోటలోకి వస్తుంది, ఏ అరిష్టమూ ఉండదు.

వీధి చివర మాస్టారి ఇంట్లో జరిగింది మాత్రం వేరే కథ. గోడ వెంట వరసగా మందార, నందివర్ధనం, క్రోటన్లు, గన్నేరు. వారం తిరగకుండా అన్నీ ఆకుల అంచులు మాడి ఒకదాని వెనక ఒకటి పోయాయి. మాస్టారు ఆకులు సంచిలో వేసుకుని మందుల కొట్టుకు వెళితే మూడు సీసాలు అంటగట్టారు. ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది ఒకటుంది. చాలా తెగుళ్ళకూ పురుగులకూ జాతి పట్టింపు ఉంటుంది. జామను చంపే ఎండు తెగులు పక్కనున్న మామిడి జోలికి పోదు. నాలుగు వేరువేరు రకాల మొక్కలు ఒకే చోట, ఒకే వారంలో పోయాయంటే చాలామటుకు అది జబ్బు కాదు, ఆ నేలలో ఏదో పడింది. అందులోనూ గన్నేరు పోయిందంటే పడింది మామూలు సరుకు కాదు. చూస్తే, వరండా టైల్స్ కడగడానికి పనివాళ్ళు యాసిడ్ వాడారు, కడిగిన నీళ్ళన్నీ గోడ వెంట మొక్కల్లోకే వదిలారు. సిమెంటు పాలు, చెదల మందు, రంగుల డబ్బాలు కడిగిన నీళ్ళు కూడా ఇలాగే చంపుతాయి.

గడ్డి మందు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పక్క ఖాళీ స్థలంలో ఎవరో కొడితే గాలికి మన పెరట్లోకి వస్తుంది. లేకపోతే దాన్ని వాడిన పంపునే కడక్కుండా మన మొక్కలకు వేపనూనె కొడతాం. ఆకు మీద రెండు రోజుల్లోనే మాడిన మచ్చలు పడితే పారాక్వాట్ రకం. వారం పది రోజులు నెమ్మదిగా పసుపెక్కి పోతే గ్లైఫోసేట్. ఆకులు మెలికలు తిరిగి వికారంగా ముడుచుకుంటే 2,4-డి. గడ్డి మందుకు వేరే పంపు పెట్టుకోవడం తప్ప దీనికి వేరే దారి లేదు.

మేడ మీద కుండీలవాళ్ళకు రెండు ముక్కలు. ఆర్వో మిషను వదిలేసే నీళ్ళు పొదుపు పేరుతో కుండీలకు పోస్తున్నారు కదా. మిషను తాగేనీళ్ళ నుంచి తీసేసిన ఉప్పులన్నీ ఆ వదిలేసిన నీళ్ళలోనే ఉంటాయి. బోరు నీళ్ళు ముందే ఉప్పగా ఉన్న ఊళ్ళో అయితే చెప్పనక్కర్లేదు. కుండీ అంచున తెల్లటి పొర, ఆకు కొసలు మాడడం కనిపిస్తే అదే కారణం. ఆ నీళ్ళతో గచ్చు కడుక్కోండి. రెండోది, నల్ల ప్లాస్టిక్ టబ్బుల్లో మే నెలలో పడమటెండ తగిలే వైపు వేళ్ళు ఉడికిపోతాయి. మొక్క మాత్రం మిగిలిన వేళ్ళతో నెట్టుకొస్తుంది. తొలకరి పడగానే చచ్చిన వేళ్ళు కుళ్ళడం మొదలై ఆ కుళ్ళు బతికున్న వేళ్ళకు పాకుతుంది. మనం వాన మీద నింద వేస్తాం. మేలో టబ్బుకు గోనెపట్టా చుట్టి ఉంటే సరిపోయేది.

కొబ్బరి గురించి కోనసీమవాళ్ళకు నేను చెప్పేదేముంది, అంబాజీపేటలో పరిశోధన కేంద్రమే ఉంది. పట్నాల్లో ఇంటికొక చెట్టు ఉన్నవాళ్ళకే ఈ మాట. ఆకులు కత్తెరతో కత్తిరించినట్టు కోణాలుగా తెగి ఉంటే కొమ్ము పురుగు వచ్చి వెళ్ళిందన్నమాట. అది చెట్టును చంపదు కానీ అది చేసిన గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది, అదీ ప్రాణం తీసేది. దాని పిల్లపురుగులు లోపల మొవ్వంతా తినేస్తున్నా బయటికి చెట్టు నిండుగా ఉంటుంది. ఒకరోజు తల అమాంతం వంగిపోతుంది. కాండానికి చెవి ఆనిస్తే నమిలే చప్పుడు వినిపిస్తుంది, కన్నాల్లోంచి గోధుమరంగు రసం, నమిలిన పీచు బయటికొస్తాయి. ఇక మొదట్లో ఎర్రటి జిగురు కారుతూ, వానలకు మొదలు చుట్టూ గట్టి పుట్టగొడుగులు లేస్తే గానోడెర్మా. దానికి వేపపిండిలో ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజును కలిపి ఏటా చెట్టుకు ఐదు కిలోలు వేయడం ముందు జాగ్రత్తే, పుట్టగొడుగు లేచాక వేస్తే మట్టికి తప్ప చెట్టుకు ఉపయోగం తక్కువ. మొవ్వాకు ఒక్కటే వాడి, లాగితే కంపుతో ఊడొస్తే మొవ్వుకుళ్ళు. ఇది మనకు కొత్త కాదు. ఇ.జె. బట్లర్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త గోదావరి ప్రాంతపు తాటిచెట్ల మొవ్వుకుళ్ళు గురించి 1906లోనే రాశాడు. ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వం తెగులు తగిలిన చెట్ల తలలు నరికించి కాల్పించింది. అన్నట్టు, తెల్లదోమ వల్ల ఆకులు నల్లబడ్డాయని చెట్టు కొట్టేయకండి. ఆ మసి చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ దానివల్ల చెట్టు చావదు.

చావనివాటిని చంపడం మనకు బాగా అలవాటు. 2021 వానాకాలం చివర తెలంగాణలో ఊరూరా వేపచెట్లు కొసల నుంచి ఎండుతూ వచ్చినప్పుడు ఎంత గగ్గోలు పుట్టిందో గుర్తుందా? ఆంధ్రాలోనూ కనిపించింది. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు అది ఫోమాప్సిస్ అనే బూజు తెచ్చే కొమ్మఎండు తెగులని చెప్పారు. టీ దోమ అనే పురుగు లేత చిగుళ్ళను కుట్టడం కూడా దానికి తోడైంది. డెహ్రాడూన్ వైపు 1990లలోనే ఈ తెగులు కనిపించింది. ఇది చిగురు కొసల్లో మొదలై కిందికి దిగే జబ్బు. ముదురు వేపకు లోపల చేవ చాలా ఉంటుంది. ఎండినట్టు కనిపించిన చెట్లలో చాలావాటికి తర్వాత కొత్త చిగుళ్ళు వచ్చాయి. ఈలోపు పోయిందనుకుని ఎన్నిటిని కొట్టేశారో! గోటితో బెరడు గీరి చూసే పాటి ఓపిక ఉంటే సరిపోయేది. అరటి గెల వేశాక చచ్చిపోయిందని ఉత్తరం రాసిన అమ్మాయికి మాత్రం గీరి చూడమని చెప్పను. అరటి బతుకంతా ఒక్క గెల కోసమే, తల్లిని నరికేసి పిలకను చూసుకోమ్మా.

డాలస్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయికి 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచుతో కరివేపాకు మొక్క నల్లగా మాడిపోయింది. ఫోనులో వాడి గొంతు వింటే మొక్క పోయిందనుకోలేదు, మనిషి పోయాడనుకున్నాను. అక్కడ కరివేపాకు మొక్క విలువ అలాంటిది. నిమ్మజాతి చెట్లకు పచ్చతెగులు మోసే పురుగు కరివేప మీద కూడా బతుకుతుంది కాబట్టి ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి ఆ మొక్కను పంపడానికి ఆంక్షలున్నాయి. పీకకు, కుండీ కదపకు, నీళ్ళు బాగా తగ్గించి ఉంచు అన్నాను. కరివేపకు వేళ్ళ నుంచి పిలకలు వేసే గుణం ఉంది కదా. ఎండ ముదిరాక మట్టిలోంచి ఎర్రటి చిగురు లేచింది. అమెరికాలో కరివేపలు చలికి పోయేదానికంటే చలికాలం ఇంట్లో పెట్టాక పోయేవే ఎక్కువ. లోపల వెలుతురు ఉండదు, మొక్క నిద్రలో ఉంటుంది, నీళ్ళు లాగదు. మనవాళ్ళు ప్రేమకొద్దీ వేసవిలో పోసినన్ని నీళ్ళే పోస్తారు.

ఇక చవితి పనులు. పత్రికోసం పిల్లలు మారేడు, దానిమ్మ, రేగు, మామిడి, జమ్మి కొమ్మలు చేతులతో విరిచి లాగేస్తారు. బెరడు చీరుకుని జానెడు గాయం పడుతుంది. ఈ తడిలో ఆ గాయం మానదు, అక్కడి నుంచి కొమ్మ ఎండుతూ వెనక్కి వస్తుంది. సంక్రాంతికి ఆ కొమ్మ ఎందుకు పోయిందో ఎవరికీ గుర్తుండదు. పిల్లల చేతికి కత్తెర ఇచ్చి పంపండి. గులాబీలను కూడా ఇప్పుడు కత్తిరించవద్దు. వానలు వెనకపట్టాక అక్టోబరులో కత్తిరించి కొసలకు బోర్డో పేస్టు పూయండి. కొమ్మ కొస నల్లబడి కిందికి దిగుతున్నదానిని మాత్రం ఆగకుండా, నలుపు కింద రెండంగుళాలు వదిలి ఏటవాలుగా కోసేయండి. కోసిన ప్రతిసారీ కత్తెర తుడవండి.

పోయినవాటి చోట కొత్తవి తెచ్చుకోవడానికి ఇప్పుడు కడియం, కడియపులంక నర్సరీల దగ్గర బళ్ళు బారులు తీరి ఉంటాయి. పెద్ద మొక్క, పూలతో ఉన్న మొక్క చూసి మోజుపడతాం. నాలుగేళ్ళ తర్వాత జరగబోయే చావు ఒకటి అక్కడే మనతో ఇంటికొస్తుంది. చాలాకాలం చిన్న కవరులో ఉన్న మొక్క వేళ్ళు అడుగున చుట్టలు చుట్టుకుంటాయి. అలాగే నాటితే ఆ చుట్టలు విచ్చుకోవు. అక్కడే లావెక్కి చివరికి కాండం మొదలునే బిగించేస్తాయి. చెట్టు ఏపుగా ఎదిగి, కాపుకొచ్చి, ఒక గాలివానకు మొదలంటా పడిపోతుంది, లేదా కారణం తెలియకుండా వాడిపోతుంది. కవరులోని జిగట ఒండ్రుమట్టి ముద్దను అలాగే మన ఎర్రనేల గోతిలో దించినా చిక్కే. ముద్ద లోపల నీళ్ళు నిలుస్తాయి లేదా ముద్దకు నీళ్ళే ఎక్కవు, వేళ్ళు బయటి మట్టిలోకి రావు. కాబట్టి డబ్బులిచ్చే ముందు ఒక మొక్కను కవరు కిందిదాకా జరిపి చూపించమనండి. వేళ్ళు పిల్లజడలా చుట్టుకుని ఉంటే పక్కన పెట్టేయండి. అంతకంటే చిన్నదే, ఏడాది వయసుదే తీసుకోండి, ధర కూడా సగం. నాటేటప్పుడు ముద్ద పక్కలను చేత్తో కాస్త వదులు చేసి, చుట్టుకున్న వేరు ఒకటీ అరా ఉంటే కత్తెరతో తెంపి, కవరులో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టండి. ఒక్క అంగుళం పైకి ఉన్నా ఫర్వాలేదు, కిందికి మాత్రం వద్దు. నర్సరీ అతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి, పక్కన ఇంకో నర్సరీ ఉంది.